నాయనమ్మ అడిగిన కొలత

2023 ఆగస్టులో ఇల్లు మారుతూ బేస్‌మెంట్ ఖాళీ చేస్తుంటే, పాత పుస్తకాల పెట్టె అడుగున తెలుగు పేపరు మడత ఒకటి దొరికింది. రెండు అట్టల మధ్య పెట్టి పురికోసతో కట్టి ఉంది. పేపరు టీ రంగుకి తిరిగిపోయింది. పైన పోఖ్రాన్ అణుపరీక్షల వార్త సగం, కింద ‘వరుడు కావలెను’ ప్రకటనలు, ఒక మూల అరచేయంత నూనె మరక. మరక చూడగానే గుర్తుపట్టాను. అమ్మ పంపిన ఆవకాయ సీసాకి చుట్టిన పేపరు అది.

ముడి విప్పాను. లోపల మొక్క అలాగే ఉంది. 1998 జులై 18న అమెరికాలో, విస్కాన్సిన్ రాష్ట్రంలో ఒక చిత్తడినేలలో నేను సేకరించిన తుంగ. పచ్చదనం పోయి ఎండుగడ్డి రంగుకి వచ్చింది గానీ కాయల మీద నూగు చెక్కుచెదరలేదు. పక్కన చిన్న చీటీ మీద పెన్సిలుతో నా రాత: నంబరు 47, తేదీ, చోటు, ‘నీటి అంచున తేలే నేల, నీళ్ళు మోకాలి లోతు’. సామాన్ల వాళ్ళు రావడానికి ఇంకా గంట టైముంది. అక్కడే నేల మీద కూర్చుండిపోయాను.

ఈ మొక్క సంగతి చెప్పాలంటే ముందు మా నాయనమ్మ సంగతి చెప్పాలి.

మాది కైకలూరు దగ్గర కొల్లేటి లంక ఊరు. మా చిన్నప్పుడు ఊరు దాటి పది అడుగులు వేస్తే నీళ్ళే. బుడమేరూ తమ్మిలేరూ తెచ్చి పోసిన నీళ్ళన్నీ అక్కడ నిలబడి, నెమ్మదిగా ఉప్పుటేరు దారిన సముద్రానికి పోయేవి. నీటి అంచు పొడుగునా జమ్ము, కిక్కిస, తుంగ. ఊళ్ళో సగం ఆడవాళ్ళకి ఆ తుంగే పని. నాయనమ్మ చాపలు నేసేది.

కార్తీకం వెళ్ళి నీళ్ళు తీస్తున్నప్పుడు తాటిదోనె వేసుకుని వెళ్ళి తుంగ కోసుకొచ్చేవాళ్ళు. ఒక్కో కాడనీ చాకుతో నిలువునా రెండుగా చీల్చి గట్టు మీద ఆరబెడితే నాలుగైదు రోజులకి పసుపు పచ్చగా తయారయ్యేది. నేసే ముందు రోజు సాయంత్రం నీళ్ళు చిలకరించి తడి గోనె కప్పి ఉంచేది నాయనమ్మ. ఎండిన కాడ నేరుగా వాడితే మడత దగ్గర పుటుక్కున విరుగుతుందని ఆమె భయం. వసారాలో నాలుగు మేకులు పాతి, గోగునార పురితో పడుగు కట్టి, ఒక పక్క తను, ఇంకో పక్క మా మేనత్త కూర్చునేవాళ్ళు. మేనత్త సన్నటి బద్దకి కాడ తగిలించి పడుగులోకి దూర్చేది. నాయనమ్మ చిల్లులున్న బారు చెక్కతో దాన్ని తనవైపుకి గట్టిగా కొట్టేది. ఆ టకటక శబ్దంతోనే మాకు తెల్లారేది. అంచు దగ్గర మిగిలిన కొసల్ని మడిచి, పక్కపక్క కాడల్లోకి దోపి, బొటనవేలితో నొక్కేది. ఆ బొటనవేలి గోరు ఎప్పుడూ అరిగిపోయి ఉండేది.

కొత్త చాప మీద పడుకుంటే తెల్లారేసరికి వీపు మీద గళ్ళు పడేవి. ఒకరి వీపు ఒకరికి చూపించుకుని నవ్వుకునేవాళ్ళం. ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకి నాయనమ్మ ఏడెనిమిది చాపలు చుట్టలు చుట్టి దోనెలో వేసుకు వెళ్ళేది. తిరిగొచ్చేటప్పుడు మాకు జీళ్ళూ గాజులూ.

తుంగతో మాకు ఇంకో పని ఉండేది. మంచం ఆట. తుంగ కాడ గుండ్రంగా ఉండదు, మూడు పలకలుగా ఉంటుంది. ఒక కొస నేను, ఒక కొస మా చిన్నాన్న కూతురు పట్టుకునేవాళ్ళం. నేను ఒకవైపు నుంచి చీల్చుకుంటూ వస్తే తను ఎదుటివైపు నుంచి, నా చీలికకి అడ్డంగా చీల్చుకుంటూ వచ్చేది. సరిగ్గా వస్తే మధ్యలో కాడ నాలుగు పుల్లలుగా విడిపోయి, మంచం చట్రంలా నలుచదరంగా తెరుచుకునేది. మంచం పడిందంటే ఆ ఇద్దరూ ఆ రోజంతా జట్టు. మధ్యలో తెగిందంటే సాయంత్రం దాకా మాటల్లేవు. తుంగ గురించి నేను మొట్టమొదట నేర్చుకున్న వృక్షశాస్త్రం అదే. ఆ మూడు పలకల సంగతి పుస్తకంలో చదివింది మాత్రం ఇరవై దాటాక.

చదువు కోసం 1996లో మినియాపోలిస్ వచ్చాను. చిత్తడినేలల మొక్కల మీద పని. మొదటి వారంలో మా ప్రొఫెసరు గడ్డి జాతుల్ని గుర్తుపట్టడం నేర్పుతూ, ఇక్కడ అందరూ అనే మాట ఒకటి చెప్పారు: ‘సెడ్జెస్ హావ్ ఎడ్జెస్’. తుంగ జాతికి అంచులుంటాయి, వేళ్ళ మధ్య పెట్టి దొర్లిస్తే తెలుస్తుంది అని. క్లాసులో అందరూ కాడ పట్టుకుని దొర్లిస్తున్నారు. నాకు దొర్లించే పనే పడలేదు. ఆ పలకలు నా వేళ్ళకి పుట్టినప్పటి నుంచీ తెలుసు. ఆ దేశంలో నాకు ముందే తెలిసిన విషయం ఒకటి దొరకడం అదే మొదటిసారి.

మా కొల్లేటి తుంగ సైపెరస్. ఇక్కడి చిత్తడినేలల్లో ఎక్కువగా ఉండేది కేరెక్స్. రెండూ ఒకే కుటుంబం. కేరెక్స్ ఒక్కదానిలోనే రెండు వేల దాకా జాతులున్నాయి. చూడటానికి అన్నీ ఒకేలా ఉంటాయి, కాయ పక్వానికి వచ్చాక భూతద్దం కింద పెట్టి చూస్తే గానీ తేలదు. అందుకే జులైలో బయల్దేరాం.

ట్విన్ సిటీస్ అనే మినియాపోలిస్, సెయింట్ పాల్ జంటనగరాల నుంచి ఈశాన్యంగా రెండు గంటలలోపు ప్రయాణం. సెయింట్ క్రోయ్ నది దాటితే విస్కాన్సిన్. బర్నెట్ కౌంటీలో గ్రాంట్స్‌బర్గ్ అనే చిన్న ఊరు, దాని పక్కనే క్రెక్స్ మెడోస్. ముప్పై వేల ఎకరాల చిత్తడి, ఇసుక నేల, పొట్టి ఓక్ చెట్లు. మంచుయుగంలో అక్కడ పెద్ద సరస్సు ఉండేదట. అది ఇంకిపోగా మిగిలిన అడుగే ఇదంతా. కారు దిగగానే సాండ్‌హిల్ క్రేన్ల అరుపు వినిపించింది. బూడిద రంగు ఒళ్ళు, ఎర్రటి నుదురు, మనిషి ఛాతీ ఎత్తు. గొంతులో గిలక తిరుగుతున్నట్టు ఉంటుంది ఆ అరుపు, మైళ్ళ దూరం వినిపిస్తుంది. నాకు కైకలూరు పక్కన ఆటపాక గూడబాతులు గుర్తొచ్చి కాసేపు కదల్లేకపోయాను.

నీటి అంచున తుంగ దుబ్బులు వేళ్ళతో ఒకదాన్నొకటి పెనవేసుకుని నీళ్ళ మీద తెప్పలా పరుచుకుంటాయి. ఆ తెప్ప మీదే నడవాలి. అడుగు వేస్తే ఆ చోటు కిందికి దిగి, నాలుగు గజాల అవతల ఉన్న మొక్కలు తలలూపుతాయి. బూట్ల కింద నీళ్ళు చల్లగా తగులుతుంటాయి. దోమలు, వాటికి తోడు చెవుల చుట్టూ తిరిగే జోరీగల లాంటివి. నేను మాత్రం ఆ తెప్ప మీద గంటసేపు అటూ ఇటూ నడుస్తూనే ఉన్నాను. నేల కదులుతుంటే భయం వేయలేదు. దోనెలో నిలబడ్డట్టే ఉంది.

ఆ తుంగ చాలా సన్నం. ఆకు వెడల్పు రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు, తీగలా లోపలికి చుట్టుకుని ఉంటుంది, కొస దారంలా వేలాడుతుంది. గాలి వీస్తే ఎకరాలకి ఎకరాలు ఒకేసారి వంగి లేస్తాయి. కాయ కాసిన కాడలు మాత్రం తక్కువ. ఎక్కడ చూసినా ఉత్త ఆకులే. వెతగ్గా వెతగ్గా కాయలున్న దుబ్బు ఒకటి దొరికింది. చాకుతో చుట్టూ కోసి వేళ్ళతో సహా పైకి తీశాను. కాడ అడుగున తొడుగులు ఊదా ఎరుపు, అంచుల్లో పీచు లేచి ఉంది. కాడ పైన మగ కంకి, దాని కింద రెండు ఆడ కంకులు. ఒక కాయ తీసి భూతద్దం కింద పెట్టాను. చిన్న కూజా ఆకారం, పైన రెండు పళ్ళున్న మూతి, ఒళ్ళంతా కంబళి కప్పినట్టు నూగు. కేరెక్స్ లేసియోకార్పా. నూగు కాయల తుంగ అని దాని అర్థం. మొక్కలకి శాస్త్రీయ నామాలు పెట్టే పద్ధతి తెచ్చిన లినేయస్ దగ్గర చదువుకున్న ఎర్‌హార్ట్ 1784లో పెట్టిన పేరు.

అలవాటు ఎక్కడికి పోతుంది, ఒక కాడ తెంపి నాతో వచ్చిన అమ్మాయి చేతికి ఒక కొస ఇచ్చాను. ఎలా చీల్చాలో చూపించాను. తను చాలా శ్రద్ధగా ప్రయత్నించింది. కాడ మరీ సన్నం, గోరు దిగగానే తెగిపోయింది. ఇంకోటి, ఇంకోటి. మంచం పడలేదు.

సాయంత్రం మొక్కల్ని అదిమి ఆరబెట్టే ప్రెస్‌లో పెడుతుంటే తెచ్చుకున్న కాగితాలు అయిపోయాయి. నా బ్యాగులో భోజనం డబ్బాతో పాటు, వారం కిందట వచ్చిన అమ్మ పార్సిల్ తాలూకు పేపర్లు మడతపెట్టి ఉన్నాయి. వాటిని పారేయడం నాకు చేతకాదు, చదివిందే మళ్ళీ చదివేదాన్ని. వాటిలో ఒకటి తీసి విప్పాను. మీటరు పొడుగు మొక్క పేపరులో పట్టదు కాబట్టి కాడని మూడు మడతలుగా వంచి పెట్టాలి. మంచి కాయలున్న దుబ్బులోంచి కొన్ని కాడలు, ఎండబెట్టిన మొక్కలు దాచే యూనివర్సిటీ హెర్బేరియానికి, కొన్ని నకలుగా నాకు. హెర్బేరియానికి ఇచ్చినవి అట్ట మీద అతికించి బీరువాలో పెట్టారు. ఈ పేపరులో ఉండిపోయింది నా నకలు.

ఆ ఆదివారం కాలింగ్ కార్డు కొని ఊరికి ఫోన్ చేశాను. మా ఇంట్లో ఫోన్ లేదు. రోడ్డు మీద ఎస్టీడీ బూత్‌కి చేసి, పది నిమిషాలాగి మళ్ళీ చేస్తే నాయనమ్మ వచ్చి కూర్చునేది.

“ఏం చేస్తన్నావే అమ్మడూ అక్కడ?” అంది.

“తుంగ పీకుతున్నా నాయనమ్మా.”

కాసేపు మాట్లాడలేదు. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. “ఆ దేశంలో కూడా తుంగ ఉంటదా?” అని, వెంటనే, “చాపకి పనికొస్తదా?” అంది.

“రాదు నాయనమ్మా. మరీ సన్నం. గోరు పెడితే తెగిపోతుంది” అని చెప్పాను. చాలా ధీమాగా చెప్పాను.

అక్టోబరులో మళ్ళీ క్రెక్స్ వెళ్ళాం. దక్షిణానికి పోయే ముందు క్రేన్లు వేలల్లో అక్కడికి చేరతాయి, అవి చూద్దామని. తిరిగొచ్చేటప్పుడు స్టిల్‌వాటర్‌లో కాఫీకి ఆగాం. ఆ ఊళ్ళో పాతసామాన్ల దుకాణాలు ఎక్కువ. అలా చూస్తూ ఒకదాంట్లోకి వెళితే, లోపల గోడకి ఆనించి ఒక చాప నిలబెట్టి ఉంది. వాళ్ళు రగ్ అంటారు. నా కంటికి మాత్రం అది చాపే. ఎండుగడ్డి రంగు, అంచు చుట్టూ ఆకుపచ్చ చారలు. దగ్గరికి వెళ్ళి చేత్తో తడిమాను. కాడలు వేళ్ళకి తగిలాయి. పక్క అంచు కుట్టులో ఇంగ్లీషు అక్షరాలు నేసి ఉన్నాయి: సి, ఆర్, ఇ, ఎక్స్. క్రెక్స్.

పొద్దుటి నుంచీ మేం తిరిగిన చోటు పేరే.

దుకాణం ఆవిడ చెప్పింది, తర్వాత లైబ్రరీలో నేనూ చదివాను. కేరెక్స్ అనే మాటలోంచే ఈ చాపలు నేసిన కంపెనీ వాళ్ళు క్రెక్స్ అనే పేరు తీసుకున్నారు. సెయింట్ పాల్‌లో ఫ్యాక్టరీ. ఈ చిత్తళ్ళలో పెరిగే ‘వైర్ గ్రాస్’ అనే తుంగని కోయించి, పురిగా పేని, నూలు పడుగు మీద మగ్గాలతో నేసేవారు. 1912లో గ్రాంట్స్‌బర్గ్ దగ్గర ఇరవై మూడు వేల ఎకరాలు కొన్నారు. అమెరికాలో ఎన్నో ఇళ్ళ వరండాల్లో ఆ చాపలు పరిచి ఉండేవి. 1933లో కంపెనీ దివాలా తీసింది. 1946లో రాష్ట్ర ప్రభుత్వం ఆ నేల కొనడం మొదలుపెట్టి, గట్లు వేసి మళ్ళీ నీళ్ళు నిలబెట్టింది. కంపెనీ పోయింది, పేరు ఆ నేలకి మిగిలింది. వైర్ గ్రాస్ సెడ్జ్ అంటే ఇప్పటికీ ఇక్కడ నేను పీకిన ఈ నూగు కాయల తుంగే.

అంచు ఒకచోట చిరిగి, పురి విడిపోయి ఉంది. లోపల సన్నటి తీగల్లాంటి ఆకులు, కాడలు, ఒకదానితో ఒకటి మెలిపెట్టి. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. దుమ్ము వాసన, దాని కింద ఎక్కడో గోనె కింద నానిన తుంగ వాసన. అది నిజంగా ఉందో, నా మనసుకే తోచిందో. ధర అప్పటి నా నెల ఖర్చులో సగం. కొనలేకపోయాను.

ఆ ఆదివారం నాయనమ్మకి అంతా చెప్పాను. చాప అవుతుందట, కంపెనీయే ఉండేదట అని. ఆమె ప్రశ్నలు ఒకదాని మీద ఒకటి వచ్చాయి.

“పడుగు దేంతో?”

“నూలు.”

“నూలైతే తడిస్తే కుళ్ళిపోద్ది. గోగునార వెయ్యాల్సింది. చుట్టి మూల పెట్టుకునేవాళ్ళా, పరిచే ఉంచేవాళ్ళా?”

“పరిచే ఉంచేవాళ్ళు. కుర్చీలు కూడా దాని మీదే.”

“అయ్యో” అంది. ఆ చాపలు తనవే అన్నట్టు బాధపడింది. తర్వాత కొంచెం ఆలోచించి, “పురి పేనితే పొడుగుతో పనేవుందిలే. మనలా కాడని కాడగా నేస్తే అవుద్దా అని. కణుపు లేకుండా ఎంత పొడుగుంటదే?”

నేను తడుముకున్నాను. మొక్క ఎత్తు చెప్పగలను, ఆకు వెడల్పు చెప్పగలను, కాయ పొడవు మిల్లీమీటర్లలో చెప్పగలను. పై ఆకు తొడుగు నుంచి కంకి మొదలు దాకా నున్నటి కాడ ఎంత ఉందో నేనెప్పుడూ కొలవలేదు. మా పుస్తకాల్లో దానికి గడి లేదు. చాప నేసే మనిషికి కావలసింది ఆ ముక్కే. అక్కడ ఆకు ఉండదు, ముడి ఉండదు, కాడ మొదటి నుంచి చివరి దాకా ఒకే లావు. చాప వెడల్పు ఎంతో దాన్నిబట్టే తేలుతుంది.

“రెండు మూరలుంటే పడుకునే చాప. మూరుంటే భోజనాల చాప. మూరకి తగ్గితే దేనికీ కాదు. చూసి చెప్పు” అంది.

“చూసి చెబుతా నాయనమ్మా” అన్నాను. కార్డులో నిమిషాలు అయిపోయాయి.

తర్వాత రెండుసార్లు అడిగింది. ఒకసారి పరీక్షల టెన్షన్‌లో ఉన్నాను, ఒకసారి మాట దాటేశాను. ఆ పేపరు మడత అప్పటికే ఏదో పెట్టెలోకి వెళ్ళిపోయింది. మూడోసారి ఆమె అడగలేదు.

నాయనమ్మ 2004లో పోయింది. నేను పదకొండో రోజుకి అందుకున్నాను. దోనె వేసుకుని తుంగకి వెళ్ళే దారంతా చేపల చెరువుల గట్లు. కొల్లేటిని 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడినేలల రామ్‌సర్ జాబితాలో చేరింది, అయినా గట్ల మీద లారీలు తిరుగుతూనే ఉన్నాయి. రెండేళ్ళ తర్వాత, 2006లో, చాలా గట్లు కొట్టేశారు. మేనత్త వసారాలో మేకులు అలాగే ఉన్నాయి గానీ నేసేందుకు తుంగ లేదంది. ప్లాస్టిక్ చాపలు వచ్చేశాయంది. నాయనమ్మ ఆఖర్న నేసిన చాప ఒకటి నా చేతిలో పెట్టింది. దాన్ని విమానంలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. ఇప్పటికీ చుట్టే ఉంచుతాను, పండక్కి తప్ప పరచను.

ఆ మధ్యాహ్నం బేస్‌మెంట్‌లో కుట్టుమిషను డబ్బా వెతికి తెల్ల దారం తీశాను. ఎండిన కాడ ముట్టుకుంటే విరుగుతుందని, ముందు తడి గుడ్డ పిండి మడతల దగ్గర కాసేపు ఆనించాను. పై ఆకు తొడుగు నోటి దగ్గర దారం కొస పట్టి, మొదటి మడత దాకా, అక్కడి నుంచి రెండో మడత దాకా, మెల్లగా కాడ వెంబడే పోనిచ్చి, మొదటి ఆడ కంకి కింద ఉండే ఆకు దగ్గర ఆపి, చిటికెన గోటితో గుర్తు పెట్టాను. నాలుగు నూగు కాయలు రాలి పేపరు మీద ‘వరుడు కావలెను’ దగ్గర పడ్డాయి. వాటిని ఏరి చిన్న కవరులో వేశాను.

దారం తీసి చేతి మీద పరిచాను. మోచేతి నుంచి నడిమివేలి కొస దాకా వచ్చి, ఇంకా మిగిలింది. మిగిలిన ముక్క పక్కన వేళ్ళు పెట్టాను. నాలుగు.

పెన్సిలు వెతుక్కుని, చీటీ మీద 1998 నాటి రాత కింద రాశాను: కణుపు లేని కాడ, మూరా నాలుగు వేళ్ళు. భోజనాల చాపకి వస్తుంది.